కన్నతండ్రి పేరు, పెంచిన తండ్రి ప్రేమ: హజ్రత్ జైద్ (రజి) జీవితం

జైపూర్‌లో మాకు తెలిసిన ఒక గని కార్మికుడు, ఆయన భార్య ఆ మధ్య మగ్రిబ్ నమాజు తర్వాత మా ఇంటికి వచ్చారు. వారికి సంతానం లేదు. ఆమె తన చెల్లెలి కొడుకును పురిటి నుంచే తెచ్చుకొని సాదుకుంటోంది. బాబుకు ఐదేళ్లు నిండాయి, బడిలో చేర్చాలి. దరఖాస్తులో తండ్రి పేరు రాయవలసిన చోట ఎవరి పేరు రాయాలన్నది వారి ప్రశ్న. రాత్రింబవళ్లు పెంచింది తాము కనుక తమ పేరే రాయాలని ఆమె పట్టు. ఇంకో భయం కూడా ఆమె మనసులో ఉంది. చెల్లెలు ఇంటికి వస్తే బాబు ఎక్కడ ఆమె వైపు మొగ్గుతాడోనని రెండేళ్లుగా రాకపోకలు తగ్గించేశారట.

మేము ఆమెకు ఫత్వా ఏమీ చెప్పలేదు. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఒక బాలుడి వృత్తాంతం చెప్పాము. అదే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆ బాలుడి పేరు జైద్. తండ్రి హారిసా, అరేబియాలోని కల్బ్ తెగవాడు. తల్లి సుఅదా, తయ్యి తెగ ఆడపడుచు. ఒకసారి ఆమె కొడుకును వెంటబెట్టుకొని పుట్టింటికి వెళ్లింది. అక్కడ దోపిడీ దొంగలు విరుచుకుపడ్డారు. దొరికిన వస్తువులతో పాటు ఆ పిల్లవాడిని కూడా ఎత్తుకుపోయారు. అప్పటికి జైద్‌కు ఎనిమిదేళ్లు ఉంటాయని చరిత్రకారులు రాశారు. ఉకాజ్ సంతలో బాలుణ్ణి అమ్మకానికి పెట్టారు. మక్కా వాసి హకీమ్ బిన్ హిజామ్ నాలుగు వందల దిర్హమ్‌లకు కొని మేనత్త హజ్రత్ ఖదీజా (రజి)కు ఇచ్చారు. ఆమెకు ముహమ్మద్ (స)తో వివాహమైన తర్వాత ఆ బాలుణ్ణి భర్తకు కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆయనకు ఇంకా ప్రవక్త పదవి లభించలేదు.

అక్కడ హారిసాకు కంటి మీద కునుకు లేదు. కొడుకు బతికి ఉన్నాడో లేడో తెలియదు. చనిపోయాడని తెలిస్తే ఏడ్చి ఊరుకోవచ్చు, బతికి ఉన్నాడని తెలిస్తే వెతుక్కుంటూ పోవచ్చు. రెండూ తెలియని బాధ అన్నింటికన్నా పెద్దది. ఆ తండ్రి తన దుఃఖాన్ని కవితలుగా చెప్పుకుంటూ తిరిగేవాడు. కన్న బిడ్డను దూరం చేసుకున్న ఏ తల్లిదండ్రులైనా ఆయన గుండెకోతను అర్థం చేసుకోగలరు.

కొన్నేళ్లు గడిచాయి. హజ్ రోజుల్లో మక్కాకు వచ్చిన కల్బ్ తెగవారు కొందరు జైద్‌ను చూసి ఆనవాలు పట్టారు. జైద్ కూడా వారిని గుర్తుపట్టాడు. తాను మంచి ఇంట్లో క్షేమంగా ఉన్నానని, తన కోసం దిగులుపడవద్దని వారితో కబురు పంపాడు. కబురు అందిన వెంటనే హారిసా తన సోదరుడు కఅబ్‌ను తోడు తీసుకొని, విడుదల సొమ్ము మూటగట్టుకొని మక్కాకు బయలుదేరాడు.

అన్నదమ్ములిద్దరూ ముహమ్మద్ (స)ను కలిసి, సొమ్ము తీసుకొని బిడ్డను ఇప్పించమని ప్రాధేయపడ్డారు. ఆనాటి అరబ్బు ఆచారం ప్రకారం కొనుక్కున్న బానిసపై యజమానికి సర్వహక్కులూ ఉండేవి. బేరం పెట్టవచ్చు, ఇవ్వనని కూడా అనవచ్చు. ఆయన అలా చేయలేదు. బాలుణ్ణే అడుగుదామని, తండ్రితో వెళ్తానంటే పైసా తీసుకోకుండా పంపిస్తానని, తన దగ్గరే ఉంటానంటే మాత్రం తనను కోరుకున్న వాడిని తానుగా వదులుకోలేనని చెప్పారు. తాము కోరిన న్యాయం కన్నా ఇది ఎక్కువేనని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు.

జైద్‌ను పిలిపించారు. వీరెవరో తెలుసా అని అడిగితే తండ్రినీ, చిన్నాన్ననూ వెంటనే గుర్తుపట్టి చెప్పాడు. ఎవరితో ఉంటావని అడిగితే ముహమ్మద్ (స)ను విడిచి వెళ్లనన్నాడు. కన్నతండ్రిని, స్వేచ్ఛను కాదని బానిసత్వాన్ని ఎంచుకుంటావా అని తండ్రి విస్తుపోయాడు. ఈ మహనీయునిలో తాను చూసిన మంచితనం తర్వాత మరొకరిని కోరుకోలేనని జైద్ బదులిచ్చాడు. ఆ మాట విన్న ముహమ్మద్ (స) జైద్ చేయి పట్టుకొని కఅబా ప్రాంగణానికి తీసుకెళ్లారు. ఇకమీదట ఇతను నా కుమారుడు, నాకు వారసుడు, నేను అతనికి వారసుణ్ణి అని ఖురైషుల ఎదుట ప్రకటించారు. హారిసా, కఅబ్‌లు తృప్తిగా ఇంటికి వెళ్లారు. ఆనాటి నుంచి జనం ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పెంచిన వారు కన్నవారిని గుమ్మం బయటే నిలబెట్టలేదు. బాబుకు ఏమీ చెప్పకుండా దాచలేదు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడనిచ్చారు. బిడ్డ పెంచిన వారి వైపు మొగ్గాడంటే, అది కన్నవారిని దాచినందువల్ల కాదు, దాచనందువల్లే.

ప్రవక్త పదవి లభించిన తర్వాత ఇస్లామ్‌ను స్వీకరించిన మొట్టమొదటి వారిలో జైద్ ఒకరు. ప్రవక్త (స)ను చిన్ననాట సాకిన ఉమ్మె ఐమన్ (రజి)తో ఆయనకు వివాహమైంది. ఆ దంపతులకు ఉసామా జన్మించారు. తాయిఫ్ పట్టణంలో ప్రవక్త (స)పై రాళ్లు రువ్విన రోజున వెంట ఉన్నది జైదే. క్రీ.శ. 622లో హిజ్రత్ జరిగింది. బద్ర్ విజయవార్తను మదీనాకు మోసుకొచ్చిన వారిలో ఆయన ఒకరు.

మదీనాలో ఆయన జీవితం మరో మలుపు తిరిగింది. ప్రవక్త (స) తన మేనత్త కూతురు హజ్రత్ జైనబ్ (రజి)ను జైద్‌కు ఇచ్చి వివాహం చేశారు. ఆ కాపురం పొసగలేదు. భార్యను విడిచిపెట్టవద్దని ప్రవక్త (స) నచ్చజెప్పినా చివరకు విడాకులు జరిగాయి. ఆ సందర్భంలోనే దివ్య ఖుర్‌ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా వాక్యాలు అవతరించాయి. నోటితో కొడుకు అన్నంత మాత్రాన ఎవరూ కన్నకొడుకు కాలేరని, పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని, తండ్రి ఎవరో తెలియకపోతే వారు ధర్మంలో సోదరులు, స్నేహితులు అని వాటి సారాంశం. దైవాజ్ఞ మేరకు ప్రవక్త (స) హజ్రత్ జైనబ్ (రజి)ను వివాహమాడారు. దాంతో పెంపుడు కొడుకు మాజీ భార్యను సొంత కోడలిగా లెక్కించే పాత ఆచారం రద్దయింది.

ఆ రోజు నుంచి జైద్ బిన్ ముహమ్మద్ మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. సహచరుడు అబూ హుజైఫా (రజి) పెంచిన సాలిమ్‌కూ ఇదే వర్తించింది. సాలిమ్ తండ్రి ఎవరో తెలియదు. అందుకని ఆయనను అబూ హుజైఫా ఆప్తుడైన సాలిమ్ అని పిలిచారు. తండ్రి తెలియనంత మాత్రాన ఆయన గౌరవం తగ్గలేదు. ఖుర్‌ఆన్‌ను ఎవరి దగ్గర నేర్చుకోవాలో ప్రవక్త (స) సూచించిన నలుగురిలో సాలిమ్ ఒకరు.

ఎన్నో ఏళ్లు మోసిన గొప్ప పేరును వదులుకోవడం జైద్‌కు తేలిక కాదు. అయితే సహచరులందరిలో పేరుతో సహా ఖుర్‌ఆన్‌లో ప్రస్తావన పొందిన ఏకైక వ్యక్తి ఆయనే. పోయిన పేరుకు బదులుగా ఆయనకు దక్కిన ఓదార్పు అదేనని కొందరు వ్యాఖ్యాతలు రాశారు.

పేరు మారింది గానీ ప్రేమ మారలేదు. జైద్ సోదరుడు జబలా ఒకసారి వచ్చి, తమ్ముణ్ణి తనతో పంపమని కోరాడు. వెళ్తానంటే ఆపనని ప్రవక్త (స) అన్నారు. జైద్ మళ్లీ ఉండిపోవడానికే ఇష్టపడ్డారు. తన ఆలోచన కన్నా తమ్ముడి నిర్ణయమే మేలైనదని జబలా తర్వాత చెప్పుకున్నాడు. చూడండి, ఇన్నేళ్ల తర్వాత కూడా కన్నవారి ఇంటి మనిషి వచ్చి అడగగలిగాడు, తలుపు తెరిచే ఉంది.

మరో సంఘటన. తండ్రి మేని ఛాయ తెలుపు, ఉసామా నలుపు. అందుకని కొందరు అనుమానంగా గుసగుసలాడేవారు. ఒకనాడు తండ్రీకొడుకులు దుప్పటి కప్పుకొని పడుకున్నారు. పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పోలికలు గుర్తించడంలో నేర్పరి అయిన ఒక అరబ్బు ఆ పాదాలు చూసి, ఇవి ఒకే రక్తానివి అన్నాడు. ఆ మాటకు ప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోయిందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. జైద్ వంశం నిజమని తేలడం ఆయనకు అంత ఆనందం కలిగించింది.

క్రీ.శ. 629లో, అంటే హిజ్రీ 8లో, మూతా యుద్ధానికి మూడు వేల మంది సైన్యం బయలుదేరింది. దానికి మొదటి సేనాని జైద్. ధ్వజం చేతబట్టి పోరాడుతూ ఆయన అక్కడే అమరులయ్యారు. ఆ వార్త చెబుతూ ప్రవక్త (స) కన్నీరు పెట్టుకున్నారు. క్రీ.శ. 632లో మరో సైన్యానికి జైద్ కుమారుడు ఉసామానే సేనానిగా నియమించారు. అప్పటికి ఉసామాకు ఇరవై ఏళ్లు కూడా లేవు.

పేరు తారుమారైతే ఏమవుతుందో మా బొగ్గుగనుల ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు వేరొకరి పేరు మీద గనిలో చేరి, జీవితమంతా ఆ మారుపేరుతోనే పనిచేసిన కార్మికులు ఉన్నారు. వారసత్వ ఉద్యోగాల కోసం వారి పిల్లలు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. ఇంకా ఘోరం కూడా ఉంది. 1999, 2001 సంవత్సరాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల పసికందులను డబ్బిచ్చి తెచ్చి, హైదరాబాద్‌లోని దత్తత కేంద్రాలకు చేర్చిన వైనం బయటపడింది. కాగితాల మీద కన్నవారి ఆనవాలు చెరిగిపోతే, ఆ బిడ్డ పెద్దయ్యాక ఎక్కడికి వెళ్లి అడగాలి? హారిసా లాంటి తండ్రి ఎవరి తలుపు తట్టాలి?

పాశ్చాత్య దేశాలు కూడా ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకున్నాయి. దత్తత విషయం రహస్యంగా ఉంచడమే బిడ్డకు మేలని అక్కడ చాలాకాలం నమ్మారు. స్కాట్లాండ్‌లో తమ పుట్టుక వివరాలు అడిగిన దత్త సంతానంపై జాన్ ట్రిసెలియోటిస్ అనే సంఘసేవా శాస్త్ర ఆచార్యుడు పరిశోధన చేసి 1973లో పుస్తకం వెలువరించారు. కన్నవారి గురించి తెలుసుకోవాలనే కోరిక తానెవరో తెలుసుకోవాలనే కోరికేనని ఆ పరిశోధన చెబుతుంది. ఇంగ్లండ్‌లో పెద్దవారైన దత్త సంతానానికి తమ జనన వివరాలు చూసే హక్కు 1975 చట్టంతో వచ్చింది.

మన దేశంలో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. బాలల న్యాయ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చని, అయితే అది వారి ఇష్టమేనని, తమ మత ధర్మశాస్త్రాన్నే పాటిస్తామనే వారిని ఎవరూ బలవంతపెట్టరని దాని సారం. షరీఅత్ దారిలో నడవాలనుకునే వారికి 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు ద్వారా సంరక్షకులుగా నియామకం పొందే వీలుంది. దీనినే అరబీలో కఫాలా అంటారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో ఆ మాట అలాగే ఉంది. పెంపుడు బిడ్డకు వారసత్వ వాటా లేదు కదా అని దిగులుపడనవసరం లేదు. బతికి ఉండగా హిబా చేయవచ్చు. ఆస్తిలో మూడో వంతు వరకు వసీయత్ రాయవచ్చు. అనాథను సాకిన వాడు స్వర్గంలో తన పక్కనే ఉంటాడని రెండు వేళ్లు చూపి చెప్పిన ప్రవక్త (స) మాటను మరచిపోరాదు. ఆ పుణ్యానికి బిడ్డ పేరు మార్చాలనే షరతు లేదు.

ఇదంతా విన్న తర్వాత ఆ తల్లి చాలాసేపు మౌనంగా ఉంది. మరి బాబు మమ్మల్ని వదిలి పోతే ఎలా అని చివరకు అడిగింది. జైద్ ఎందుకు పోలేదో ఒక్కసారి ఆలోచించమన్నాము.

బడి దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర చెల్లెలి భర్త పేరు రాశారు. సంరక్షకుడి పేరు దగ్గర ఆ గని కార్మికుడి పేరు ఉంది. మొన్న రంజాన్ పండగకు చెల్లెలు తన సంసారంతో జైపూర్‌కు వచ్చింది. నమాజు అయ్యాక మేము వారింటికి వెళ్తే, బాబు సేమ్యా గిన్నె పట్టుకొని ఇద్దరు తల్లుల మధ్య కూర్చొని ఉన్నాడు. ఒకరిని అమ్మీ అంటున్నాడు, మరొకరిని ఛోటీ అమ్మీ అంటున్నాడు. అల్లాహ్ ఆ ఇంటిని చల్లగా చూడుగాక. సాదుకున్న బిడ్డలున్న ప్రతి ఇంటి వారికీ ఈ ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.