నీటిపై పూలు పూయించిన నజ్ముద్దీన్ ఓక్యాయ్

పారశీక భాషలో ‘అబ్ర్’ అనగా మేఘం. నీటిపై రంగులను తేల్చి, ఆ వర్ణరేఖలను కాగితంపైకి ఎత్తే కళకు ‘అబ్రీ’ అనే పేరు ఆ మాట నుండే వచ్చింది. మన దక్కనుకు ఇది కొత్త కాదు. 17వ శతాబ్ది ప్రథమార్ధంలో బీజాపూరు చిత్రకారులు బక్కచిక్కిన గుర్రాన్నీ, దాని రౌతునూ అబ్రీతోనే రూపొందించారు. అట్టి చిత్రం నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇదే కళను తుర్కీ దేశంలో 20వ శతాబ్దికి భద్రంగా అందించిన మహనీయుడు హాఫిజ్ నజ్ముద్దీన్ ఓక్యాయ్.

ఆయన 1883లో ఇస్తాంబుల్ నగరంలోని ఉస్కుదార్‌లో జన్మించారు. తండ్రి అబ్దున్నబీ అక్కడి యెని వాలిదె మసీదుకు ఇమాం. నజ్ముద్దీన్ ఖురానును కంఠస్థం చేసి, సుప్రసిద్ధ లేఖకుడు సామీ ఎఫెంది వద్ద లిపికళ నేర్చి, 1905లో ఇజాజత్ పొందారు. ఉజ్బెకు దర్వీషుల ఖాన్‌ఖాహ్‌కు షేఖ్ అయిన ఇబ్రాహీం అద్హమ్ ఎఫెంది ఆయనకు అబ్రీ గురువు. 1907లో తండ్రి గతించగా ఇమాం బాధ్యత స్వీకరించి, 40 సంవత్సరాలు నిర్వహించారు. విలువిద్య, పుస్తకబంధనం, సిరా తయారీ, గులాబీల పెంపకం కూడా ఆయన సాధించిన విద్యలే. అందుకే జనులు ఆయనను ‘హజార్‌ఫన్’, అనగా సహస్రకళావేత్త, అన్నారు. 1934 నాటి ఇంటిపేర్ల చట్టం వచ్చినప్పుడు ఆయన గ్రహించిన ‘ఓక్యాయ్’ అనే పేరుకు బాణమూ విల్లూ అని అర్థం.

అబ్రీకి గోంద్ కతీరా నానబెట్టిన చిక్కని నీరు కావాలి. రంగులో ఎద్దు పైత్యరసం కలిపితే అది మునగక, నీటిపై పరచుకుంటుంది. కుంచెతో చిలకరించి, సూదితో కదిపి, కాగితం పరచి ఎత్తాలి. ఒకసారి వచ్చిన రూపం మరల రాదు. నజ్ముద్దీన్ ఈ పద్ధతితో తృప్తి చెందక ప్రయోగాలు చేసి, 1918 ప్రాంతంలో తులిప్ వంటి పువ్వులను సహజరూపంలో నీటిపై నిలిపారు. ఆ విధానానికి ఆయన పేరే స్థిరపడింది.

1928లో తుర్కీ ప్రభుత్వం అరబ్బీ లిపిని తొలగించి లాటిన్ లిపిని ప్రవేశపెట్టింది. ఆయన జీవితమంతా సాధన చేసిన అక్షరానికి బజారులో గాని, బడిలో గాని చోటు లేకపోయింది. 1933లో, అదే కళలో ఆరితేరుతున్న కుమారుడు సామీ అకాలమరణం చెందాడు. అయినా ఆయన రంగుల తొట్టెను విడువలేదు. లలితకళల అకాడమీలో 1948 వరకు బోధించారు. బంధువైన ముస్తఫా దుజ్గున్‌మన్‌ను తీర్చిదిద్దారు. 1976లో ఆయన కన్నుమూసిన పిదప, 1990 వరకు ఆ శిష్యుడే ఈ దీపాన్ని నిలిపాడు. 2014లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల నుండి పంజాగుట్ట రద్దీలోకి పరుగులు తీసే మన విద్యార్థులకు ఈ జీవితం ఎందుకు? తొట్టె ముందు ఆతురత పనికిరాదు. చేయి వణికితే పువ్వు చెదురుతుంది. చెదిరితే కాగితంతో ఆ రంగును తీసివేసి, అదే నీటిపై మరల చిలకరించవచ్చు. ర్యాంకుల పట్టికలో పేరు కానరాని నాడు, మన పిల్లలు ఈ సంగతి జ్ఞాపకం చేసుకుంటే చాలు.