పరీక్ష తప్పిన లెక్కల మేధావి

ఇంటర్ ఫలితాలు, ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు... సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ఇంటికెళ్లినా ఎవరికెన్ని వచ్చాయన్న ముచ్చటే! అనుకున్నన్ని రాని పిల్లలు మాత్రం గది దాటి బయటికి రారు. అలాంటప్పుడు అమ్మలు ఓసారి గుర్తుచేసుకోవాల్సింది శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని.

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టిన రామానుజన్ పెరిగింది కుంభకోణంలో. తండ్రి చీరల దుకాణంలో గుమాస్తా. చాలీచాలని జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుళ్లో భజనలు పాడేది. ఇంట్లో కాలేజీ కుర్రాళ్లకు బస ఇచ్చేది. వాళ్ల దగ్గరే పిల్లాడు లెక్కలు నేర్చాడు. 1897లో ప్రైమరీ పరీక్షలో జిల్లాకే ఫస్టు! 1904లో స్కాలర్‌షిప్‌తో ఎఫ్.ఏ.లో చేరాడు. మన ఇంటర్ లాంటిదన్నమాట.

అక్కడే చిక్కొచ్చింది. లెక్కల్లో మునిగిపోయి మిగతావి వదిలేశాడు. ఇంగ్లీషు తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో, పదిహేడేళ్లకే, ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. కన్నవాళ్లు ఎంత తల్లడిల్లి ఉంటారో! పత్రికలో ప్రకటన కూడా వేయించారు. తిరిగొచ్చాక 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరాడు. అక్కడా తప్పాడు. 1907లో మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఆ ఎఫ్.ఏ. ఎన్నటికీ పాసవనేలేదు!

అయినా లెక్కలు మానలేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశారు. ఆ మరుసటేడే ఓడెక్కారు. 1916లో కేంబ్రిడ్జి డిగ్రీ, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం అందుకున్నారు. 1920లో ముప్ఫై రెండేళ్లకే కన్నుమూసినా, ఆయన నోటుపుస్తకాలను ప్రపంచం ఇప్పటికీ చదువుతోంది.

పరీక్ష తప్పినవాళ్లంతా రామానుజన్‌లు అవుతారని కాదు. ఇల్లు విడిచిన ఆ పిల్లాడు తిరిగొచ్చాడు కాబట్టే మిగతాదంతా జరిగింది. మన పిల్లలు వెళ్లేదాకా తెచ్చుకోవద్దు. ఫలితం వచ్చిన రోజు తిట్లొద్దు, పక్కింటి పిల్లతో పోలికలొద్దు. పక్కన కూర్చుని అన్నం పెట్టండి. మనసు కుదుటపడ్డాక సప్లిమెంటరీ సంగతి, రీవెరిఫికేషన్ గడువు కలిసి చూడండి. తిండి మానేసి, ముభావంగా ఉంటే ఆలస్యం చేయకుండా టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. పైసా ఖర్చుండదు. పరీక్ష మళ్లీ రాయొచ్చు... బిడ్డ మన కళ్లముందు ఉంటే చాలు!