బేరార్ కోసం వెళ్ళి రెబెక్కాతో వచ్చిన దివాను

మా మావయ్యది కోరుకొండలో వడ్రంగి పని. వాళ్ళమ్మాయి నాకు వదిన వరస, ఇంటీరియర్ డిజైన్ చదువుతోంది. వాళ్ళ క్లాసు వాళ్ళంతా ఇటలీ వెళ్తున్నారు. 1961 నుంచి జరుగుతున్న మిలాన్ ఫర్నిచర్ ప్రదర్శన, ఆ ఊరికి ఉత్తరాన కాంతూ, మేదా లాంటి ఊళ్ళలో కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలు, చివర్లో కరారా పాలరాతి గనులు చూసి రావడం ప్లాను. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంది. మావయ్య అడిగింది ఒకటే. చెక్క మన దగ్గరుంది, ఉలి మన దగ్గరుంది, అప్పు చేసి మరీ చూసి రావడానికి అక్కడేముంది అని. వదిన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆ నెలలోనే మా బ్యాచ్ హైదరాబాద్ టూర్ వెళ్ళింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరిలాగే నేనూ రెబెక్కా ముందు ఆగిపోయాను. పెళ్ళికూతురు ముఖం మీద పల్చటి ముసుగు, ఆ ముసుగులోంచి ముక్కూ పెదవులూ కనిపిస్తున్నాయి. ముఖమూ ముసుగూ రెండూ ఒకటే రాయి. మనలో చాలామంది, ఆ మ్యూజియంలో ఉన్నవన్నీ మూడో సాలార్‌జంగ్ కొన్నవే అనుకుంటాం. చాలావరకూ నిజమే కానీ, రెబెక్కాని తెచ్చింది ఆయన తాతగారు, మొదటి సాలార్‌జంగ్. 1876లో రోమ్‌లో కొన్నాడు. అయితే ఆయన ఇల్లు దాటింది బొమ్మలు కొనడానికి కాదు. ఆ కథ తెలిశాక నాకు మావయ్య ప్రశ్న ఇంకోలా కనిపించింది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టాడు. నిజాంకి దివాన్లని ఇచ్చిన కుటుంబమే కానీ, చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇరవై ఏళ్ళు రాకముందే మనకి పొరుగునే ఉన్న ఖమ్మం వైపు కొన్ని ఊళ్ళకి తాలూక్‌దారుగా పనిచేశాడు. రైతు దగ్గర ఎంత లాగుతారో, అందులో సర్కారుకి ఎంత చేరుతుందో అక్కడే చూసి ఉంటాడు.

1853 మే నెల హైదరాబాద్‌కి చాలా చెడ్డ నెల. ఇంగ్లీషువాళ్ళ అజమాయిషీలో ఉన్న కంటింజెంట్ సైన్యానికి జీతాల బాకీ పేరుకుపోయింది. ఆ బాకీ కింద పత్తి పండే బేరార్‌ని కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం జరిగింది. సంతకాలైన కొద్ది రోజులకే దివానుగా ఉన్న సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆయన తురాబ్ అలీకి బాబాయి. ఆ కుర్చీ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి వచ్చింది. అంటే మనం డిగ్రీ పట్టుకుని ఉద్యోగం వెతుక్కునే వయసన్నమాట!

ఖజానా ఖాళీ. పన్ను వసూలు హక్కుని వేలం పాటలో కొనుక్కున్నవాళ్ళు పెట్టిన డబ్బు రైతు దగ్గర పిండుకునేవాళ్ళు. భూములు చాలా అరబ్బు, రోహిల్లా సర్దార్ల దగ్గరా షాహుకార్ల దగ్గరా తాకట్టులో ఉన్నాయి. తురాబ్ అలీ ఒక్కో తాకట్టూ విడిపించుకుంటూ వచ్చాడు. వేలంపాట తీసేసి జీతం తీసుకునే అధికారుల్ని పెట్టాడు. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టిన జిలాబందీ ఆయనదే. దారుల్ ఉలూమ్ అనే బడి ఆయన పెట్టిందే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చిందీ ఆయన హయాంలోనే.

ఇదంతా చదివి హీరో అనుకునేలోపు 1857 అడ్డం వస్తుంది. ఆ ఏడాది జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ మనుషుల్ని వెంటబెట్టుకుని కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాను ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలబడ్డాడు. దాడి విఫలమైంది. మౌల్వీని అండమాన్ పంపారు, తుర్రేబాజ్ ఖాన్ 1859లో ప్రాణం పోగొట్టుకున్నాడు. సాలార్‌జంగ్‌ని ఈ రోజుకీ క్షమించనివాళ్ళున్నారు. రాజ్యాన్ని నిలబెట్టాడనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. ఆయన చేసిన లెక్క మాత్రం అర్థమవుతుంది. ఇంత నమ్మకంగా ఉంటే బేరార్ తిరిగిస్తారని ఆశ. 1860లో నిజాం అప్పు యాభై లక్షలు కొట్టేశారు, రాయచూరు, ఉస్మానాబాద్ వైపు భూములు తిరిగిచ్చారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు.

1869లో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయాడు. కొడుకు మహబూబ్ అలీ ఖాన్‌కి అప్పటికి మూడేళ్ళు కూడా లేవు. రాజ్యం బాధ్యత దివాను మీదా ఇంకో రీజెంట్ మీదా పడింది. ఇక్కడి నుంచి రాసే అర్జీలతో పని జరగట్లేదు. డ్యూక్ ఆఫ్ సదర్లాండ్ పిలుపు రావడంతో 1876లో ఆయన బొంబాయిలో ఓడెక్కాడు. మనసులో మాత్రం బేరారే.

దారిలో ఇటలీ. రోమ్‌లో రాజునీ పోపునీ కలిశాడు. శిల్పి జొవాన్ని మరియా బెంజోని చేసిన రెబెక్కాని కొన్నదీ అక్కడే. బెంజోని అప్పటికి మూడేళ్ళ కిందటే, 1873లో చనిపోయాడు. లొంబార్డీలోని సొంగవాజ్జో అనే చిన్న పల్లెలో పేద ఇంట పుట్టి, రోమ్‌లో పెద్ద కార్ఖానా నడిపినవాడు. రెబెక్కా బైబిల్లో వచ్చే అమ్మాయి, కాబోయే భర్త ఐజాక్‌ని దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది. ఆ బొమ్మకి గిరాకీ ఎక్కువై బెంజోని కార్ఖానా నుంచి ఎన్నో ప్రతులు బయటికి వచ్చాయి. కొన్ని అమెరికా మ్యూజియంల్లో ఉన్నాయి.

మన ఇంజనీరింగ్ బుర్రలకి నచ్చే విషయం ఇక్కడుంది. ఆ రోజుల్లో ఇటలీ కార్ఖానాల్లో శిల్పి ముందు మట్టితో, తర్వాత ప్లాస్టర్‌తో నమూనా చేసేవాడు. దాని మీద గుర్తులు పెట్టి, సూది ఉన్న ఒక చట్రంతో ఒక్కో గుర్తు ఎంత లోతులో ఉందో కొలిచి, అదే లోతుకి రాతిలో రంధ్రం వేసేవాళ్ళు. పనివాళ్ళు ఆ రంధ్రాల దాకా చెక్కుకుంటూ వస్తే చివరి మెరుగు చేయితిరిగినవాళ్ళు దిద్దేవాళ్ళు. ముసుగు పల్చగా కనిపించడం కూడా కొలతల పనే. ముడత ఎక్కడ లేవాలి, బట్ట ఎక్కడ చర్మానికి అంటుకోవాలి అన్నది సరిగ్గా కుదిరితే, పాలరాతి లోపలికి కొంచెం దిగి చెదిరే వెలుగు మిగతా మాయ చేస్తుంది.

రోమ్ తర్వాత పారిస్. అక్కడ హోటల్ మెట్ల మీద జారిపడి దివాను తొడ ఎముక విరిగింది. ఆ కాలుతోనే లండన్ వెళ్ళాడు. విక్టోరియా రాణి దర్శనమిచ్చింది, ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, విందుల మీద విందులు. బేరార్ మాటెత్తితే మాత్రం అది భారత ప్రభుత్వం ద్వారా రావాలన్నారు. భారత ప్రభుత్వం దగ్గర ఏమవుతుందో ఆయనకి ముందే తెలుసు. కుంటుకుంటూ తిరిగొచ్చాడు. పట్టు వదలకపోయేసరికి వైస్రాయికి కోపం వచ్చి, 1877లో ఆయనకి పడని రషీదుద్దీన్ ఖాన్‌ని పక్కన రీజెంటుగా కూర్చోబెట్టారు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో ఆయన చనిపోయాడు. యాభై నాలుగేళ్ళు. 1902లో బేరార్‌ని ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలుకి రాయించుకున్నారు.

అంటే ముప్ఫై ఏళ్ళు దేనికోసం తిరిగాడో అది దొరకలేదు. దారిలో చూసి ముచ్చటపడింది మిగిలింది. మనవడు యూసుఫ్ అలీ ఖాన్ ఆ ఇంట్లో ఇలాంటి వస్తువుల మధ్యే పెరిగి, రెండేళ్ళు దివాను పని చేసి మానేసి, బతుకంతా సేకరణకే పెట్టాడు. ఆయన పోయిన రెండేళ్ళకి, 1951లో, నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా రెబెక్కా ముందు నిలబడొచ్చు.

ఈ కథ మావయ్యకి కొండ మెట్ల దగ్గర కూర్చుని చెప్పాను. బేరార్ గురించి ఆయన ఏమీ అనలేదు. లోతు కొలిచే చట్రం గురించి రెండుసార్లు అడిగాడు, సూది ఎలా జరుగుతుందని. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ముసుగు అంచు దగ్గర పెద్దది చేసి చాలాసేపు చూశాడు. అది ఒక్క రాయి అంటే నమ్మనన్నాడు. వదిన ఇటలీ సంగతికి ఔననీ లేదు, కాదనీ లేదు. వచ్చే శుక్రవారం గౌతమికి రెండు టికెట్లు తీయమన్నాడు. ముందు హైదరాబాద్‌లో ఉన్నదాన్ని తనూ వదినా కలిసి చూసొస్తారట.