వెలుగుకి దారిచ్చిన కేథరిన్

కేథరిన్ బ్లాడ్జెట్ భూమ్మీద పడేటప్పటికే తండ్రి లేడు. అమెరికాలోని షెనెక్టడీ అనే ఊళ్ళో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పేటెంట్ల లాయరు ఆయన. కూతురు పుట్టడానికి కొద్ది వారాల ముందు, ఇంట్లో దూరిన దొంగ కాల్చి చంపాడు. 1898 జనవరి 10న ఆమె పుట్టింది. మన వైపయితే తండ్రిని మింగి పుట్టిందని అనకుండా ఊరుకునేవాళ్ళా? ఆ తల్లి మాత్రం కొడుకునీ, చంటిపిల్లనీ తీసుకుని ఊరు విడిచి, ఫ్రాన్సు దాకా వెళ్ళి ఇద్దర్నీ పెంచుకొచ్చింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరం క్రిస్మస్ సెలవుల్లో కేథరిన్ తండ్రి పనిచేసిన కంపెనీ చూడ్డానికి వెళ్ళింది. పరిశోధనశాల తిప్పి చూపించినాయన ఇర్వింగ్ లాంగ్మ్యూర్. పై చదువు చదువుకోమని సలహా ఇచ్చాడు. చికాగోలో మాస్టర్స్ ముగించి 1918లో అక్కడే చేరింది, ఆ ల్యాబులో మొట్టమొదటి మహిళా శాస్త్రజ్ఞురాలిగా. తర్వాత కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ దగ్గర చదివి, 1926లో అక్కడ ఫిజిక్స్‌లో డాక్టరేట్ అందుకున్న తొలి మహిళ అయింది.

ఇక ఆమె చేసిన పని చూడండి. చీరల షాపు అద్దంలోకి తొంగిచూస్తే లోపలి చీర కన్నా మన మొహమే ముందు కనిపిస్తుంది కదూ! గాజు తనమీద పడ్డ వెలుగులో నూటికి ఎనిమిది వంతులు వెనక్కి కొడుతుంది. కేథరిన్ బేరియం కలిపిన నీళ్ళ మీద కొవ్వొత్తుల్లో వాడే స్టియరిక్ ఆమ్లాన్ని ఒకే ఒక్క అణువు మందాన పరిచి, అందులో గాజు పలకని ముంచి తీసేది. ముంచినప్పుడొక పొర, తీసినప్పుడొక పొర. అలా 44 పొరలు! అప్పటికి పూత మందం కాంతి తరంగం పొడవులో నాలుగోవంతు. పూత పైనుంచి తిరిగొచ్చే అలా, అడుగునుంచి తిరిగొచ్చే అలా ఎదురుపడి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పూతలో కరిగే భాగాన్ని కడిగేసి, కంటికానని చిల్లుల స్పాంజిలా చేశాక పని ఇంకా బాగా కుదిరింది. 1938లో ప్రకటించిన ఆ గాజులోంచి నూటికి 99 వంతుల వెలుగు దూరింది. ఎంత ఓపిక ఉండాలో!

అయితే గుడ్డపెట్టి తుడిస్తే ఆ పూత ఊడిపోయేది. గట్టి పూతలు తర్వాత వేరేవాళ్ళు కనిపెట్టారు. కానీ ఆ కిటుకు ఈనాటికీ పోలేదు. మేడల మీద సోలార్ పలకలకి నీలిరంగు ఎక్కడిదనుకున్నారు? ఉత్త సిలికాన్ తనమీద పడ్డ ఎండలో సుమారు మూడోవంతు తిప్పికొట్టేస్తుంది. ఆ నష్టం తగ్గించడానికి వేసే పల్చటి పూతదే ఆ రంగు.

పల్చటి పొరలతో చేసే సోలార్ సెల్స్‌కి మరో చిక్కుంది. అందులో ఎండని తాగే పొర మన వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఉండదు. వెలుగు ఇటు దూరి, పూర్తిగా ఇంకకుండానే బయటికి జారిపోతుంది. అందుకని లోపల కంటికి కనిపించని గుట్టలూ గుంటలూ చేస్తున్నారు. వెలుగు తిన్నగా వెళ్ళక, డొంకతిరుగుడు దారిపట్టి అక్కడే తచ్చాడుతుంది, ఆ మేరకు కరెంటు పెరుగుతుంది. చిమ్మెట కంటిమీద ఇలాంటి బుడిపెలే ఉంటాయట, చీకట్లో దాని కళ్ళు మెరవకుండా. ఆ నమూనాని కూడా వదల్లేదు మనవాళ్ళు.

1932లో నోబెల్ లాంగ్మ్యూర్‌కి ఒక్కడికే వచ్చింది. అది ఆయన ముందు చేసిన పనికే అనుకోండి. అయినా ఆ అణువుల పొరల్ని ఇద్దరి పేర్లూ కలిపి లాంగ్మ్యూర్-బ్లాడ్జెట్ పొరలంటారు. సహాయకురాలి పేరు పెద్దాయన పక్కన నిలవడం ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. మొక్కలు పెంచేది, ఊరి నాటకాల్లో వేషాలు కట్టేది. 1951 జూన్ 13ని ఆమె పేరిట పండగరోజుగా జరిపింది షెనెక్టడీ. తండ్రి హత్య జరిగిన ఊరే అది. 1963లో రిటైరై, 1979 అక్టోబర్ 12న అక్కడే తన ఇంట్లో కన్నుమూసింది.