బాలల మనసు చదివిన విదుషి

విద్య వ్యక్తికి గౌరవాన్ని తెస్తుంది. ఆ విద్య అన్యాయాన్ని ఎదిరించినప్పుడు జాతి మొత్తానికి మేలు చేకూరుతుంది. ఈ సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన మనస్తత్వ శాస్త్రవేత్త మేమీ ఫిప్స్ క్లార్క్.

ఆమె 1917లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో హాట్ స్ప్రింగ్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి పిల్లలకు వేరే పాఠశాలలుండేవి. ఆ వేర్పాటు నడుమనే మేమీ పెరిగారు. 1934లో గణితం అభ్యసించడానికి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆమె, అక్కడ పరిచయమైన కెన్నెత్ క్లార్క్ ప్రోత్సాహంతో మనస్తత్వ శాస్త్రం వైపు మళ్లారు. అనంతరం ఆయననే వివాహమాడారు.

నల్లజాతి పసిపిల్లలకు తమ జాతిని గురించిన ఎరుక ఎప్పుడు, ఎలా కలుగుతుంది? ఇదే ఆమె ఎం.ఏ. పరిశోధనాంశం. ఆ అన్వేషణను దంపతులిద్దరూ కొనసాగించారు. రంగులో తప్ప మరి దేనిలోనూ భేదం లేని బొమ్మలను 253 మంది చిన్నారుల ముందుంచి ప్రశ్నించారు. ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. తమను పోలిన బొమ్మను తామే కాదన్న ఆ పసిమనసుల గాయం లోకానికి తెలిసింది.

డాక్టరేట్ కోసం మేమీ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. నల్లజాతివారు తెలివితేటలలో తక్కువవారని నమ్మే ఆచార్య హెన్రీ గారెట్‌ను తెలిసితెలిసే పర్యవేక్షకునిగా ఎంచుకున్నారు. ఒకవైపు మాతృత్వ బాధ్యతలను నిర్వహిస్తూనే 1943లో పట్టం సాధించారు. అంతటి విదుషికి కూడా అర్హతకు తగిన ఉద్యోగం లభించలేదు. అయినా ఆమె నిరాశ చెందక, 1946లో భర్తతో కలిసి న్యూయార్క్‌లోని హార్లెంలో నార్త్‌సైడ్ బాలల వికాస కేంద్రాన్ని స్థాపించి, మూడు దశాబ్దాలకు పైగా నడిపారు.

1952లో వర్జీనియా పాఠశాలల వ్యాజ్యంలో గారెట్ వేర్పాటును సమర్థిస్తూ సాక్ష్యమిచ్చారు. ఆ వాదాన్ని ఖండిస్తూ ఆయన శిష్యురాలే బోనెక్కారు. గురువు నేర్పిన శాస్త్రంతోనే గురువు పక్షపాతాన్ని ఎదుర్కొన్నారు. వర్జీనియా న్యాయస్థానం వేర్పాటునే సమర్థించినా, 1954లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో జాతి వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. బొమ్మల పరిశోధన ఆ తీర్పుకు దన్నుగా నిలిచింది.

1983లో మేమీ క్లార్క్ కన్నుమూశారు. పరిశోధన పట్టా కోసమే కాదనీ, నోరులేని పసివారి పక్షాన నిలబడటానికి కూడాననీ ఆమె జీవితం చాటుతున్నది.