గెయోర్గ్ ఫాన్ రైస్విట్జ్

గెయోర్గ్ హైన్రిక్ రుడాల్ఫ్ యోహాన్ ఫాన్ రైస్విట్జ్ (1794 - 1827) ప్రష్యా సైన్యానికి చెందిన ఫిరంగిదళ అధికారి. పటం మీద ఆడే యుద్ధక్రీడ అయిన క్రీగ్‌స్పీల్‌కు 1824లో నియమావళి రచించి ప్రసిద్ధుడయ్యాడు. పాచికలు, పట్టికలు, అంపైరు అనే మూడింటినీ కలిపి యుద్ధంలోని అనిశ్చితిని ఆటలోకి తెచ్చాడు. నేటి రోల్ ప్లేయింగ్ ఆటలలోని పోరాట నియమాలకు ఇతని కృషి ఒక ముఖ్యమైన పూర్వరంగం.

నేపథ్యం

చదరంగంలో ఒక పావు మరొక పావును చంపినపుడు ఫలితం గురించి సందేహం ఉండదు. నిజమైన యుద్ధంలో అట్లా జరుగదు. 1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్విగ్ రూపొందించిన యుద్ధక్రీడ కూడా చదరంగం వలెనే గళ్ళ మీద నడిచేది. రైస్విట్జ్ తండ్రి గెయోర్గ్ లియోపోల్డ్ బ్రెస్లావ్ నగరంలో ప్రభుత్వోద్యోగి. ఆయన కొండలు, నదులు, రహదారులు చూపే పలకలను అమర్చుకొనే ఒక బల్లను తయారుచేయించి, 1812లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియమ్‌కు సమర్పించాడు. అది చూడముచ్చటైనదే కాని సామాన్య సైనికాధికారులకు అందుబాటులో ఉండే వస్తువు కాదు.

నియమావళి

రైస్విట్జ్ తండ్రి ఆటను సంస్కరించి, బల్లకు బదులు 1:8000 స్కేలు గల పటాలను వాడాడు. ఎరుపు, నీలం రంగుల చిన్న దిమ్మెలు ఇరుపక్షాల దళాలను సూచిస్తాయి. ఒక్కొక్క వంతు రెండు నిమిషాల కాలానికి సమానం. ఆ వ్యవధిలో నిజమైన దళం ఎంత దూరం పోగలదో అంతే జరపాలి. శత్రుదళం కంటికి కనిపించే చోటికి వచ్చినపుడే దానిని పటంపై ఉంచుతారు.

కాల్పుల వలన కలిగే నష్టాన్ని లెక్కించడానికి షార్న్‌హార్స్ట్ నాటి తుపాకులు, ఫిరంగులపై జరిపిన పరీక్షల ఫలితాలు ఆధారమయ్యాయి. పాచిక పడిన తీరును బట్టి ఆ నష్టం పెరగడమో తగ్గడమో జరుగుతుంది. దెబ్బ తగిలిన దళాన్ని వెంటనే తీసివేయరు. నష్టాన్ని క్రమంగా నమోదు చేస్తారు.

ఇంత గణితమున్నా అది ఆటగాళ్ళకు భారం కాలేదు. వారు సేనాపతుల వలె ఆజ్ఞలు వ్రాసి ఇస్తే చాలు. పాచికలు వేయడం, పట్టికలు చూడడం, ఫలితం తెలపడం అంపైరు పని. వాస్తవికతకు, ఆడే సౌలభ్యానికి మధ్య రైస్విట్జ్ కుదిర్చిన పొత్తు ఇదే.

గుర్తింపు, మరణం

1824లో ఈ ఆట రాకుమారుడు విలియమ్‌ను, సైనిక ప్రధానాధికారి ఫాన్ మ్యూఫ్లింగ్‌ను ఆకట్టుకొన్నది. మ్యూఫ్లింగ్ దీనిని సైన్యానికి సిఫారసు చేశాడు. అయితే తన ఆట వ్యాప్తిని చూచే అదృష్టం రైస్విట్జ్‌కు కలుగలేదు. 1827లో, మూడు పదుల వయసులోనే, ఆత్మహత్య చేసుకొన్నాడు.

తరువాతి కాలం

కాలక్రమాన అంపైరుపై పడిన భారమే విమర్శకు గురైంది. ఎన్ని పట్టికలున్నా అన్ని సందర్భాలకు చాలవని, నేర్చుకొనడం కష్టమని 1870వ దశకంలో మెకెల్ వాదించాడు. 1876లో వెర్డీ దు వెర్న్వా పట్టికలను పక్కనబెట్టి, అనుభవజ్ఞుడైన అంపైరు నిర్ణయానికే ప్రాధాన్యమిచ్చాడు. దీనితో ఆట వేగం పుంజుకొన్నది. కాని ఫలితం ఒక వ్యక్తి విచక్షణపై ఆధారపడవలసి వచ్చింది.

అమెరికాలో టాటన్ 1880లో ప్రచురించిన స్ట్రాటెగోస్ గ్రంథం అంపైరు పద్ధతిని కొనసాగించింది. దాని ప్రభావంతో డేవిడ్ వెస్లీ 1969లో బ్రౌన్‌స్టైన్ అనే ఆట నడిపాడు. అందులో ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్ర ధరించాడు. ఆ ఆట ఆడిన డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువరించాడు. ఇందులో అంపైరు స్థానాన్ని డంజన్ మాస్టర్ పొందాడు. ప్రతి గాయాన్నీ విడిగా లెక్కించక, ఒకే సంఖ్యతో పాత్ర నిలదొక్కుకొనే శక్తిని చూపడం ఈ ఆట పద్ధతి. ఆ సంఖ్య శరీర బలాన్నే కాక నేర్పును, అదృష్టాన్ని కూడా సూచిస్తుందని గైగాక్స్ 1979లో వివరించాడు.

నియమాలు ఎంత వివరంగా ఉండాలి, ఎంత భాగం అంపైరుకు వదలాలి అన్న ప్రశ్న రైస్విట్జ్ నియమావళి తరువాత వచ్చిన ప్రతి తరానికీ ఎదురయింది. ఈనాటి ఆటల రూపకర్తలకు కూడా అది తప్పడం లేదు.