గిరిగారు గెలుస్తారా? 1969లో మా ఆఫీసు లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ, కార్మిక వర్గాలకు దగ్గరగా మెలిగిన ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. నాకు వెంటనే తట్టిన పేరు శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు. ఆయన రాష్ట్రపతిగా చేశారన్నది అందరికీ తెలుసు. కాని 1969 జూలై, ఆగస్టు నెలల్లో ఆయన గెలుస్తారా లేదా అని మా ఆఫీసులో జరిగినంత వాదం, నా ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఏ పే రివిజన్ మీదా జరగలేదు. అందుకని ఆ వాదం నుంచే మొదలుపెడతాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. విశాఖపట్నంలో ఆఫీసు. మా హెడ్ క్లర్కుగారు అనంతపురం జిల్లావారు. లెక్కల్లో దిట్ట. శ్రీ నీలం సంజీవరెడ్డిగారంటే ఆయనకు ప్రాణం. మా ఇంట్లో సంగతి వేరు. మా నాన్న కుర్రతనంలో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు. 1927లో అక్కడ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సమ్మె, ఆపైన లాకౌటు జరిగినప్పుడు సభల్లో నేలమీద కూర్చుని గిరిగారి ఉపన్యాసాలు విన్నవాడు. ఆ రోజుల్లో మా నాయనమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయని ఇంట్లో చెప్పుకునేవారు. కాబట్టి నేను ఏ పక్షమో వేరే చెప్పక్కర్లేదు.

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్‌గారు పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సమావేశమై, లోక్‌సభ స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించింది. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ కోరుకున్నది జగ్జీవన్ రామ్‌గారిని. బోర్డులో ఆమె మాట చెల్లలేదు. మర్నాడే గిరిగారు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతున్నట్టు ప్రకటించారు. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌గారిని నిలబెట్టాయి.

పోటీలో ముఖ్యులిద్దరూ తెలుగువారే కావడంతో ఎవరు గెలిచినా మనవాడే అని కొందరు సరిపెట్టుకున్నారు. హెడ్ క్లర్కుగారు అలా సరిపెట్టుకునే మనిషి కాదు. పాత ఫారం వెనక గీతలు గీసి ఓట్ల విలువలు వేశారు. పార్లమెంటు సభ్యుని ఓటు 576, మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు 125, ఉత్తరప్రదేశ్‌లో 174. ఎవరికీ సగం దాటకపోతే చివరివాళ్ళను తప్పిస్తూ వాళ్ళ రెండో ప్రాధాన్యం ఓట్లు పంచుతారు. దేశ్‌ముఖ్‌గారికి వేసినవాళ్ళ రెండో ఓటు సంజీవరెడ్డిగారికి పడుతుంది, లెక్క అక్కడితో సరి. ఇదీ ఆయన తేల్చినది.

గిరిగారికి వ్యతిరేకంగా ఆయన చెప్పిన పెద్ద కారణం ఇంకొకటుంది. గిరిగారు పదేళ్ళపాటు గవర్నరు. 1957 నుంచి ఉత్తరప్రదేశ్, 1960 నుంచి కేరళ, 1965 నుంచి 1967 దాకా మైసూరు (ఇప్పటి కర్ణాటక). గవర్నరంటే రాజకీయంలోంచి పక్కకు జరిపిన మనిషనీ, ఆయనకు సొంత జిల్లా ఉండదు, వర్గం ఉండదు, ఫోను చేస్తే పలికే పది మంది ఎమ్మెల్యేలు ఉండరనీ హెడ్ క్లర్కుగారి వాదన. మూడు రాష్ట్రాల రాజభవనాల్లో ఉన్నంత మాత్రాన ఆ రాష్ట్రాల ఓట్లు వస్తాయా అని అడిగేవారు. మైసూరు రాష్ట్రం కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారిది, అక్కడ ఆశ లేనే లేదు. గుమాస్తాగిరి, గవర్నరుగిరి రెండూ ఒకటేననీ, పైనుంచి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టడమే పని అనీ ఆయన ఎగతాళి చేస్తే సెక్షనంతా నవ్వింది, నేను తప్ప.

నిజానికి అప్పటికి గవర్నరుగా చేసి రాష్ట్రపతి అయినవారు ఒక్కరే, జాకిర్ హుస్సేన్‌గారు. బీహారు గవర్నరు, తర్వాత ఉపరాష్ట్రపతి, తర్వాత రాష్ట్రపతి. గిరిగారిదీ అదే దారి. కాని జాకిర్ హుస్సేన్‌గారికి 1967లో అధికార పార్టీ అండ ఉంది. గిరిగారికి అభ్యర్థిత్వమే లేదు.

పైగా ఆయన గవర్నరు అయినదే ఎన్నికలో ఓడిపోయిన ఏడు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేశారు. అది ద్విసభ్య నియోజకవర్గం, ఒక సీటు షెడ్యూల్డు తెగలకు కేటాయించినది. గిరిజన అభ్యర్థులిద్దరికి ఓట్లు ఎక్కువ వచ్చి రెండు సీట్లూ వాళ్ళకే దక్కాయి. జనరల్ సీటు తనదంటూ గిరిగారు న్యాయస్థానానికి వెళ్ళారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలు కొట్టివేసింది. అప్పటికాయన లక్నో రాజభవనంలో ఉన్నారు. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి తీసేశారు. సొంత ప్రాంతంలో ఓడిన మనిషి దేశమంతటా ఎలా గెలుస్తాడని హెడ్ క్లర్కుగారు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నను అడిగాను. నాన్నకు ఓట్ల విలువలు తెలియవు. ఆయన గిరిగారి కథ చెప్పాడు. ఆయన చెప్పింది కొంత, తర్వాత నేను చదువుకున్నది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

గిరిగారు 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాష్ట్రం, ఇప్పుడు ఒడిశా. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు, తల్లి సుభద్రమ్మగారు. 1913లో లా చదవడానికి ఐర్లాండులోని డబ్లిన్ వెళ్ళారు. చదివింది న్యాయశాస్త్రం, నేర్చుకున్నది మాత్రం అక్కడి స్వాతంత్ర్య పోరాటం, కార్మిక ఉద్యమం. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణోద్యమంలో దాన్ని వదిలేశారు.

ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు ఆయన బతుకంతా రైల్వే కార్మికులతోనే. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1926లో ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్ళారు. 1937లో మద్రాసు శాసనసభకు బొబ్బిలిలో నిలబడి సాక్షాత్తు బొబ్బిలి రాజాగారినే ఓడించారు. ఆ రాజాగారు అప్పుడు మద్రాసు ప్రభుత్వాధినేత. సొంత ప్రాంతంలో ఓడిన మనిషి అన్నదానికి జవాబు ఇరవై ఏళ్ళ వెనక ఉందన్నమాట! మర్నాడు ఆ సంగతి హెడ్ క్లర్కుగారికి చెప్పాను. రాజును ఓడించడం తేలికనీ, సిండికేటును ఓడించడం కష్టమనీ తేల్చేశారు.

రాజాజీ మంత్రివర్గంలోనూ, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ గిరిగారు మంత్రి. స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో మన హైకమిషనరు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి ప్రభుత్వంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు.

మన సభ్యులు, ముఖ్యంగా బ్యాంకుల్లో పనిచేసినవారు, గుర్తుంచుకోవలసింది 1954. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ట్రిబ్యునల్‌కు వెళ్ళమని కార్మికులకు చెప్పేది మనమే, తీర్పు వచ్చాక దాన్ని మార్చేదీ మనమే అయితే ఇక ఎవరు నమ్ముతారన్నది గిరిగారి బాధ. రాజీనామా చేశారు. తర్వాత ఆ వ్యవహారం జస్టిస్ గజేంద్రగడ్కర్ కమిషనుకు వెళ్ళింది. కేంద్రమంత్రి పదవిని గుమాస్తాల జీతం కోసం వదిలిన మనిషి ఇంకొకరున్నారా అని నాన్న అడిగాడు. నాకైతే ఎవరూ కనపడలేదు.

1969లో ఆ కథే మరో రూపంలో తిరిగొచ్చింది. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. దానిమీద సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతిగా గిరిగారే. మర్నాడు రాజీనామా చేశారు. ఇక్కడ ఆఫీసు మనుషులకు నచ్చే చిక్కు ఒకటుంది. ఉపరాష్ట్రపతి రాజీనామా పత్రం రాష్ట్రపతి పేర రాయాలని రాజ్యాంగం చెబుతుంది. ఆ రోజు రాష్ట్రపతి బాధ్యతలో ఉన్నది ఆయనే! పైగా పోటీకి రాజీనామా అవసరం కూడా లేదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నరు, మంత్రి పదవులు లాభదాయక పదవుల కిందికి రావని 58వ అధికరణంలోనే ఉంది. అయినా కుర్చీలో కూర్చుని ఓటు అడగకూడదని ఆయన అనుకుని ఉంటారు. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిదయతుల్లాగారు ఆ బాధ్యత తీసుకున్నారు.

ఈ రాజీనామా వార్త వచ్చిన రోజు కూడా హెడ్ క్లర్కుగారి లెక్క మారలేదు. నిజం చెప్పాలంటే నా నమ్మకమే సడలింది. మనిషి మంచివాడన్నది వేరు, ఓట్లు వేరు కదా. అయితే నెల తిరక్కుండానే గాలి మారింది. కాంగ్రెసు అధ్యక్షుడు రెండో ప్రాధాన్యం ఓట్ల కోసం జనసంఘ్, స్వతంత్ర నాయకులను కలవడం ఇందిరాగాంధీ వర్గానికి మంచి ఆయుధమైంది. మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమని కాంగ్రెసు సభ్యులకు పిలుపు వచ్చింది. కమ్యూనిస్టులు, మద్రాసులో డి.ఎం.కె., పంజాబులో అకాలీలు గిరిగారి వైపు నిలిచారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొత్తం చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. మా హెడ్ క్లర్కుగారి లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. రెడ్డిగారి ఓట్లకు దేశ్‌ముఖ్‌గారివి మొత్తం కలిపితే 4,26,317, అంటే గెలుపే. కాని ఆ ఓట్లు మొత్తం కలవలేదు. కొన్ని గిరిగారికి పోయాయి, కొందరు రెండో ప్రాధాన్యం వేయనే లేదు. చివరికి గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. తేడా 14,650. ఒక్కొక్క ఎంపీ ఓటు 576 అయినచోట ఇది ఇరవై ఆరు మంది ఎంపీల పాటి కూడా చెయ్యదు.

గవర్నరుగిరి ఆయనకు ఓట్లు తెచ్చిందని నేను అనుకోను. ఆ విషయంలో హెడ్ క్లర్కుగారే సరి. గెలిపించింది కాంగ్రెసులో చీలిక, వామపక్షాల మద్దతు, ప్రధాని పట్టుదల. కాని ఆ పట్టుదలకు నిలబెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. బ్యాంకులు జాతీయమైన నెలలో, బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన మనిషి కంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు? ఆయనకు జిల్లా లేదు, వర్గం లేదు, 1954 మాత్రం ఉంది.

ఎన్నిక మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడితే, పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో ఆ పిటిషన్లు కొట్టేశారు. అంతకుముందు ఏ రాష్ట్రపతీ అలా రాలేదు.

రాష్ట్రపతిగా ఐదేళ్ళు ఎలా చేశారంటే, పొగడ్తలే రాయడం నాకు చేతకాదు. ప్రధాని పంపిన కాగితాల మీద మారుమాట లేకుండా సంతకాలు చేశారనే విమర్శ ఉంది. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను దాటించి ప్రధాన న్యాయమూర్తిని నియమించినప్పుడూ ఆ సంతకం ఆయనదే. 1974 మే 8 నుంచి 27 దాకా రైల్వే సమ్మె జరిగింది. వేలమంది అరెస్టయ్యారు. సమ్మెకు నడుం కట్టిన వాటిలో గిరిగారు తన యౌవనంలో నిలబెట్టిన ఫెడరేషనే ముఖ్యమైనది. రాష్ట్రపతి భవనంలో ఉన్న మనిషికి రాజ్యాంగం ప్రకారం మంత్రిమండలి సలహా తప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. 1954లో వదిలినట్టు ఇప్పుడూ వదిలి ఉంటే అన్న ఆలోచన మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. ఆ నెలంతా మా నాన్న పేపరు చదివి మడిచి పెట్టేసేవాడు. గిరిగారి పేరు ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు ఆగస్టు 24న పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌కు 1995లో ఆయన పేరు పెట్టారు.

గవర్నర్ల సంగతికి వస్తే, ఆ తర్వాత మన రాష్ట్రంలో గవర్నరుగా చేసిన శంకర్ దయాళ్ శర్మగారు 1992లో రాష్ట్రపతి అయ్యారు. ప్రతిభా పాటిల్‌గారు 2007లో రాజస్థాన్ నుంచి, రామ్‌నాథ్ కోవింద్‌గారు 2017లో బీహారు నుంచి రాజభవనం వదిలి నేరుగా వెళ్ళారు. 2022లో ఎన్నికైన ద్రౌపది ముర్ముగారు జార్ఖండ్ గవర్నరుగా చేసినవారు, గిరిగారు పుట్టిన ఒడిశావారు. ఈ పేర్లన్నీ వింటే మా హెడ్ క్లర్కుగారు ఏమనేవారో!

పందెం సంగతి చెప్పడం మరిచాను. ఓడినవారు సెక్షనంతటికీ కాఫీ ఇప్పించాలని ఒప్పందం. 1969 ఆగస్టు 21న ఆయన పదకొండు కాఫీలు తెప్పించి, తాను మాత్రం టీ తాగారు. 1977లో సంజీవరెడ్డిగారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయినప్పుడు, అప్పటికే రిటైరై అనంతపురం వెళ్ళిపోయిన ఆయన దగ్గరనుంచి నాకు ఒక కార్డు వచ్చింది. ఈసారి లెక్క వేసే పని పడలేదనీ, కాఫీ బాకీ నామీద ఉందనీ రాశారు.